అసలు పాట, కొసరు పాట, ఒక దవడ పన్ను

మా పళ్ళ ఆసుపత్రిలో ఉన్నవి రెండు గదులు, ఒక హాలు. ముందు గది డాక్టరమ్మగారిది. వెనక గదిలో నేను కట్టుడు పళ్ళు తయారు చేస్తాను. రెండింటికీ మధ్య పేరుకు ఒక చెక్క గోడ ఉంది కానీ, అది చూపుకు అడ్డమే తప్ప మాటకు కాదు. పద్నాలుగేళ్ళుగా ఆ గోడకు ఇవతల కూర్చుని, మైనంలో పళ్ళు పేర్చుకుంటూ నేను విన్నదాంట్లో సగం మిషను మోత, మిగతా సగం బొమ్మల సినిమాల పాటలు. ఆ పాటలు వేసేది మా నర్సక్క.

ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. పెద్దవాళ్ళకు నర్సమ్మ, నాకు అక్క, పిల్లలకు పాటలత్త. యాభై రెండేళ్ళుంటాయి. తెల్ల కోటుకు ఒక జేబులో దూది, కత్తెర; ఇంకో జేబులో ఫోను, సబ్బుబిళ్ళంత స్పీకరు. సంగీతం నేర్చుకున్న మనిషి కాదు. స్వరాలు ఎన్ని అని అడిగితే వేళ్ళు మడిచి చెబుతుంది. అలాంటిది ఒకే పాటను ఇద్దరు పాడినవి వరసగా వినిపించి, "ఇందాకటి కంటే ఇది అర మెట్టు కిందికుంది కదూ?" అంటుంది. నేను ఫోనులో హార్మోనియం తెరిచి మెట్లు నొక్కి చూస్తే, నిజమే అయి ఉంటుంది.

ఈ పిచ్చి ఆవిడకు ఉద్యోగంలోనే పట్టుకుంది. చాలాకాలం కిందట ఐదేళ్ళ గడుగ్గాయి ఒకడు డాక్టరమ్మగారి వేలు కొరికాడు. వాణ్ణి ఊరుకోబెట్టడానికి అక్క ఎలుకల ఓడ సినిమాలోని పాట పెట్టింది. ఊరుకోవడం దేవుడెరుగు, ఓడలోని ఇరవై ఎలుకల తరఫునా వాడే పాడడం మొదలుపెట్టాడు. పాడే నోట్లో పనిముట్టు పెట్టేదెలా? మళ్ళీ కొరికాడు. ఆ కంగారులో అక్క వేలు జారి అదే పాటకు ఇంకో రూపం మోగింది. సినిమా అయిపోయి తెర మీద పేర్లు పడేటప్పుడు వచ్చేది, పేరున్న పాప్ గాయకుడెవరో డ్రమ్ములు పెట్టి పాడింది. వాడు ఠక్కున ఆగాడు. కనుబొమలు ముడిపడ్డాయి. తనకు తెలిసిన పాటేనా కాదా అని నోరు వెళ్ళబెట్టి అలాగే ఉండిపోయాడు. తెరిచి ఉన్న ఆ నోట్లో డాక్టరమ్మగారు నాలుగు నిమిషాల్లో పని ముగించేశారు.

ఆ సాయంత్రమే అక్క ఒక లావుపాటి నోటుపుస్తకం కొనుక్కొచ్చింది. ప్రతి పేజీకీ మధ్యన గీత కొట్టింది. ఎడమ పక్క "అసలు", కుడి పక్క "కొసరు". కూరగాయలు తూచాక కొట్టువాడు నాలుగు పచ్చిమిరపకాయలు పైన పడేసినట్టు, సినిమా అయ్యాక చివర్లో వేసే పాట కాబట్టి అది కొసరు.

"అసలుకి నోరు పాడుతుంది తమ్ముడూ, కొసరుకి నోరు తెరుచుకుంటుంది. మనకి కావాల్సింది రెండోది," అంది నాతో.

పని కోసం మొదలైన ఈ వ్యవహారం త్వరలోనే పని దాటిపోయింది. ఏ కొత్త బొమ్మల సినిమా వచ్చినా ఆవిడ అసలునూ కొసరునూ పక్కపక్కన పెట్టుకుని వినేది. పనిముట్లు వేడినీళ్ళలో మరిగే అరగంట ఆవిడ కచేరీ సమయం. నన్నూ పిలిచేది. ఎలుగుబంటి తన పిల్లను నిద్రపుచ్చే జోలపాట ఒకటుంది. సినిమాలో తల్లి ఎలుగు బొంగురు గొంతుతో పాడుతూ మధ్యలో తనే ఆవలిస్తుంది. కొసరులో ఒక అమ్మాయి అద్దంలాంటి గొంతుతో, ఒక్క ఆవలింత లేకుండా పాడింది. "గొంతు బంగారమే, కాదనను. కానీ ఈ పిల్ల జోల పాడితే ఎలుగుబంటి లేచి కూర్చుని చప్పట్లు కొడుతుంది," అంది అక్క. ఎలుకల పాట కొసరు గురించి పుస్తకంలో రాసుకున్నది నేను చదివాను: "ఇరవై ఎలుకల చాకిరీ ఈయన ఒక్కడే చేస్తున్నాడు, పాపం."

అలాగని కొసరంటే ఆవిడకు చిన్నచూపు లేదు. గుర్రాల సినిమాలో ఒక పాట ఉంది. తెర మీద పాట మీదుగా గుర్రాలు పరుగెత్తుతాయి, మాట ఒక్కటీ చెవిన పడదు. ఆ పాటకు ఇంకో చరణం ఉందని, అది అన్నిటికన్నా అందమైనదని కొసరు విన్నాకనే మాకు తెలిసింది. ఆ రోజు అక్క స్పీకరుకు దండం పెట్టింది.

కరెంటు మీటర్లు చూసే ఉద్యోగంలో ఉన్న వాళ్ళాయనకు మాత్రం ఈ గోల ఎక్కదు. ఒకసారి భార్యను తీసుకెళ్ళడానికి వచ్చి, రెండూ ఓపిగ్గా విని, "రెండూ ఒకటే కదే," అన్నాడు.

"రెండూ ఒకటేనా? మీ అన్నయ్యా మీరూ ఒకటేనా?"

"ముక్కు ఒకటే కదా."

"అందుకే అన్నాను, మీకు వినపడేది ముక్కొక్కటే!"

ఆయన బండి వెనక కూర్చుని వెళుతూ కూడా ఆవిడ వివరిస్తూనే ఉంది. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు.

ఇక నత్త పాట. రోడ్డు దాటాలనుకునే నత్త కథతో ఒక సినిమా వచ్చింది. అందులో నత్త రోడ్డు దాటుతూ పాడే పాట రెండు నిమిషాల పది సెకన్లు. నత్తకు గొంతిచ్చినాయన మూడో లైను దగ్గర ఆగి "హుఫ్... హుఫ్..." అని రొప్పుతాడు. మా కుర్చీలో కూర్చున్న ప్రతి పిల్లా పిల్లాడూ అక్కడ కలిసి రొప్పేవాళ్ళే. నత్త రోడ్డు మధ్యకు వచ్చేసరికి ఎదురుగా బస్సు కనబడి పాట తెగిపోతుంది. కొసరు అలా కాదు. నాలుగు నిమిషాలు, రొప్పడం లేదు, చివర్న ఆకాశానికి నిచ్చెన వేసినట్టు ఒక పొడుగాటి "ఓ". "అసలులో నత్త ఇంకా దాటలేదు. కొసరులో ఈ అమ్మాయి ఎప్పుడో దాటేసి, అవతల నిలబడి మనకి చెయ్యి ఊపుతోంది," అని అక్క తేల్చింది. పంటి పనికి ఇంతకన్నా మంచి కొసరు లేదని దాని పక్కన చుక్క కూడా పెట్టుకుంది.

ఆ చుక్క పెట్టిన పాటే ఒక ఏడేళ్ళ పిల్ల దగ్గర పారలేదు.

ఆ పిల్ల తండ్రి స్కూలు వ్యాను నడుపుతాడు. కింది దవడ పన్ను లోతుగా పుచ్చిందని బుగ్గ బయటినుంచి తీసిన ఎక్స్‌రేలో తేలింది. ఇంకా నరం దాకా పోలేదు కాబట్టి వెంటనే శుభ్రం చేసి నింపితే పన్ను దక్కుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు అక్క నత్త కొసరు పెట్టింది. ఆ పిల్ల పెదవులు బిగించి, తల అటూ ఇటూ తిప్పుతూ, ముక్కుతో "మ్మ్ మ్మ్" అంటూ కూర్చుంది. ఏడుస్తోందనుకున్నాం. రెండోసారి అక్క వరసగా నాలుగు కొసర్లు వినిపించింది. వినిపించినకొద్దీ మూతి బిగుసుకుంది, మూలుగు పెరిగింది.

డాక్టరమ్మగారికి మాటలు తక్కువ. "తెరు", "ఉమ్ము", "తర్వాత". రోజంతా ఈ మూడింటితో నెట్టుకొస్తారు. అలాంటి మనిషి ఆ తండ్రిని పిలిచి, "గురువారం తీసుకురండి. అప్పుడూ తెరవకపోతే పెద్దాసుపత్రికి ఉత్తరం రాస్తాను. అక్కడ మత్తిచ్చి చేస్తారు," అని అంతసేపు మాట్లాడేసరికి అతని మొహం పాలిపోయింది.

"మత్తంటే... పూర్తిగా పడుకోబెట్టేస్తారా అండీ?"

"భయం లేదు. రోజూ చేస్తారు."

"వాళ్ళకి రోజూ అండీ. మాకు ఇదే మొదలు."

ఆ మాట అక్కకు గుచ్చుకుంది. బుధవారమంతా పుస్తకం తిరగేస్తూనే ఉంది. "ఇన్నేళ్ళలో కొసరుకి తెరవని నోరు చూడలేదు తమ్ముడూ. నా వల్ల కాక ఆ పసిదాన్ని మత్తుకి పంపడమేంటి?"

గురువారం పదిన్నరకు ఆ తండ్రి ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు. పిల్ల వ్యానులోంచి దిగనంటోందట. అక్క నన్ను కేకేసింది. ముగ్గురం కిందికి దిగాం. ఖాళీ వ్యాను, చివరి సీటులో ఆ పిల్ల, లోపల హోరున నత్త కొసరు. మేం కిటికీ దగ్గరికి చేరేసరికి పాట చివరికొచ్చింది. పిల్ల కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, కొండనాలుక కనబడేలా నోరు తెరిచి ఆ "ఓ" అందుకుంది. శ్రుతి వెంట్రుకవాసి తప్పలేదు.

"అదిగో!" అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పన్ను! పన్ను కనబడుతోంది తమ్ముడూ!"

నిజంగానే, ఎడమ పక్క, నల్లగా. మా కుర్చీలో రెండు వారాలుగా చూడలేనిది వ్యాను కిటికీలోంచి చూశాం.

అక్క తండ్రి వైపు తిరిగింది. "ఈ పాట దీనికెలా వచ్చు?"

"మా వ్యాను పాటే కదండీ! పొద్దున్నా సాయంత్రం ఇదీ, ఇలాంటివే. దీనికి నడకొచ్చిన నాటినించీ వింటోంది."

"సినిమా చూసిందా?"

"ఏ సినిమా అండీ?"

"నత్త సినిమా!"

"ఈ పాట సినిమాలోదా?" అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇందులో నత్తెక్కడుంది? నేనింకా ఎవరో అమ్మాయి ప్రేమించినవాడి దగ్గరికి వెళుతూ పాడుతోందనుకున్నాను!"

అక్క నుదురు కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగేసరికి వ్యానులో పాట రెండోసారి మొదలైంది. "ఆ మూలుగు ఏడుపు కాదు, పాటే! పెదాలు మూసుకుని స్పీకరుతోపాటు పాడిందిది. నేనేమో దీనికి నోటికొచ్చిన పాటలే ఏరి ఏరి పెట్టాను. దీనికి కొసరే అసలు. ఎవరు ముందు చెవిలో పడితే వాళ్ళదే పాట, నా బుర్ర కాల!" అని, గబగబా వ్యానెక్కి పిల్ల పక్కన కూర్చుంది. "ఏమ్మా, ఈ పాట ఇంకో మనిషి తప్పుగా పాడాడు. వింటావా?"

పిల్ల కళ్ళు తెరిచింది. "ఎంత తప్పుగా?"

"మధ్యలో రొప్పుతాడు కూడా."

పిల్ల వ్యాను దిగింది.

నేను చేతులకు మైనంతోనే గది గుమ్మంలో నిలబడ్డాను. కుర్చీ వెనక్కి వాలింది. అక్క అసలు పెట్టింది. మొదటి లైనుకే పిల్ల మొహంలో అసహ్యం, రెండో లైనుకు జాలి. "హుఫ్... హుఫ్..." అని వచ్చేసరికి ఆ నోరు బావిలా తెరుచుకుంది. డాక్టరమ్మగారు మందు రాసిన చిగురులో సూది దించి తీసేశారు. పిల్లకు తెలిస్తే కదా!

"ఆగిపోయాడేంటి?" అంది, పాట తెగగానే.

"నత్త కదమ్మా పాడేది. రోడ్డు దాటుతోంది. బస్సొచ్చింది."

"నత్తా?" పిల్ల లేచి కూర్చోబోయింది. "దాటిందా?"

"ఇంకోసారి విందాం. ఈసారి నత్తని తలుచుకుంటూ విను."

చిగురు మొద్దుబారాక మళ్ళీ పెట్టింది. మిషను మోగింది. పిల్ల నత్తను చూస్తున్నట్టు పైకప్పు వైపే చూస్తూ నోరు తెరిచే ఉంచింది. పుచ్చంతా పోయింది. కానీ పాటా అయిపోయింది. ఇంకా నింపాలి, ఎండబెట్టాలి, అరగదియ్యాలి. రెండుసార్లు విన్న పాట మూడోసారికి నోటికొచ్చేస్తుందని అక్కకు తెలుసు. అప్పుడే పిల్ల సగం పెదవితో "హుహ్" అని రొప్పడానికి సిద్ధపడింది. అక్క ఫోను తీసి చూసి మళ్ళీ జేబులో పెట్టుకుంది. ఇంకో సినిమా పాట పెడితే నత్త ఏమైందని పిల్ల లేచి కూర్చుంటుంది; నత్తకేమో ఆవిడ దగ్గర ఇంక పాట లేదు.

అప్పుడు డాక్టరమ్మగారు నోరు విప్పారు.

"బస్సు ఆగింది," అన్నారు.

పిల్ల కదలలేదు. నేనూ కదలలేదు.

"డ్రైవరు దిగాడు. మీ నాన్నలాంటివాడే. నత్తని చేత్తో ఎత్తి అవతల పెట్టబోయాడు. నత్త వద్దంది. నేనే దాటతానంది. సరేనని డ్రైవరు రోడ్డు పక్కన కూర్చున్నాడు. తెరు, ఇంకా. బస్సులోంచి గొడుగు పట్టుకుని ఒకావిడ దిగింది. ఏమైందని అడిగింది. నత్త దాటుతోందన్నారు. ఆవిడా కూర్చుంది. తర్వాత ఒక లావుపాటాయన దిగాడు. ఆయనకి కూర్చోవడం కష్టం..."

ఒక్కొక్కరే దిగుతున్నారు. ఒక్కొక్కరికీ ఒక పొర సిమెంటు. చంటిపిల్లతో ఒక తల్లి, పెట్టెలో పిల్లితో ఒక ముసలాయన, తొందరపడుతూ పెళ్ళికొడుకు, పెళ్ళికొడుకుని తిడుతూ మేనమామ. నీలం లైటు పెట్టి గట్టిపరిచేసరికి బస్సు ఖాళీ అయింది. అంతా రోడ్డు పక్కన వరసగా కూర్చుని చూస్తుండగా, అరగదీయడం పూర్తయిన క్షణాన నత్త అవతలి అంచు ఎక్కింది.

"ఉమ్ము," అన్నారు డాక్టరమ్మగారు.

చేతులు కడుక్కుంటున్న ఆవిడ దగ్గరికి అక్క మెల్లగా వెళ్ళింది. "సినిమా మీరెప్పుడు చూశారండీ?"

"మా మనవడితో. నాలుగుసార్లు."

"అందులో బస్సు దిగింది ముగ్గురేనండీ. మీరు పదకొండుమందిని దింపారు."

"సిమెంటుకి టైము పడుతుంది కదా," అని ఆవిడ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. పెదవి చివర ఒక్క క్షణం కదిలింది. పద్నాలుగేళ్ళలో అది నవ్వేనని నాకు తెలియడం అదే మొదలు.

హాల్లో ఆ తండ్రి పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆయన మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. తలుపు తెరుచుకోగానే లేచి, "తెరిచిందాండీ?" అన్నాడు. జవాబు మేం చెప్పక్కర్లేకపోయింది. పిల్ల ముందుగా నాన్న దగ్గరికి వెళ్ళి నోరు తెరిచి వేలితో చూపించింది. తర్వాత మోకాలాయనకు. తర్వాత బుగ్గ వాచి మూలుగుతున్న ఒక కుర్రదానికి. తర్వాత కళ్ళజోడు సర్దుకుంటూ వంగిన ఒక ముసలమ్మకు. ఆవిడ "వజ్రంలా ఉందే తల్లీ" అనేసరికి పిల్ల మొదటి కుర్చీ నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇక మూసుకోవే, గాలి పోతుంది!" అని అక్క నవ్వుతూ కేకేసింది.

తండ్రి కూతురి గడ్డం పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు: "మొన్నటిదాకా తెరవమని బతిమాలాను. ఇప్పుడు మూయమని బతిమాలాలా అండీ?"