మామ, మిరపకాయ బజ్జీ, రెండు గీతలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెల్లకోటు కంటే ముందు పొగరు వచ్చింది. రెజిమెంటల్ బజార్‌లోని ఓ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఇంట్లో ఎవరు తుమ్మినా రక్తం తీసేదానిలా చూసేదాన్ని. (రక్తం తీయబోతే నరం దొరకక నాకే చెమటలు పట్టేవి, అది వేరే సంగతి.)

అప్పుడే మెట్టుగూడలో ఉండే మా మేనమామకు హెపటైటిస్ సి బయటపడింది. డాక్టరు ఇచ్చిన మాత్రలు మామ బుద్ధిగా మింగాడు. అవి అయిపోయాక మూడు నెలలు ఆగి వైరల్ లోడ్ పరీక్ష చేయించాలి, అందులో వైరస్ లేదని తేలితేనే జబ్బు నయమైనట్టు. అన్నీ తినొచ్చని డాక్టరు చెప్పినా అత్తమ్మ వినలేదు. ఆమె దృష్టిలో లివరు జబ్బంటే కామెర్లే, కామెర్లంటే పథ్యమే. నూనె బంద్, కారం బంద్, పూటపూటా మజ్జిగన్నం. సందు చివర బండి మీద మిరపకాయ బజ్జీలు వేగుతుంటే మామ కిటికీ దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని వాసన పీల్చేవాడు.

ఆగలేకపోయాడు పాపం. గడువుకు ముందే, ఎవరికీ చెప్పకుండా ఇంటి దగ్గరి చిన్న ల్యాబ్‌లో కార్డు టెస్టు చేయించుకున్నాడు. జబ్బు పోయిందన్న కాగితం అత్తమ్మకు చూపించి బజ్జీ తినేద్దామని ఆశ. కార్డు మీద రెండు గీతలు పడ్డాయి. పాజిటివ్. మామ ఇంటికొచ్చి కూలబడ్డాడు. అత్తమ్మ ఏడ్చి ఏడ్చి, మజ్జిగలో ఉప్పు కూడా మానేసింది.

సంగతి తెలిసి పరుగున వెళ్లాను. "మామా, ఆ కార్డు వైరస్‌ని చూపియ్యదు. వైరస్‌తోని కొట్లాడనీకి నీ ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను చూపిస్తది. జబ్బు పోయినా అవి ఉంటయి. అసలు సంగతి వైరల్ లోడే చెప్తది."

"నిన్న మొన్న చేరినవ్, నీకేం ఎర్క?" అంది అత్తమ్మ.

మామ మాత్రం నా చెయ్యి పట్టుకున్నాడు. "నిజమేనా బిడ్డా? బతుకుతనా?"

అదంతా బజ్జీల గోలే అనుకుని నవ్వుకున్న నేను, ఆ చెయ్యి వదలకుండా మామ పక్కనే కూర్చున్నాను.

గడువు రాగానే రక్తం నేనే తీశాను. మొదటిసారి నరం దొరకలేదు. "జెర నిమ్మళంగ తియ్యి బిడ్డా, పరేషాన్ కాకు. నేనేడికి పోతలేను," అని నాకే ధైర్యం చెప్పాడు మామ. రిపోర్టు వచ్చింది. వైరస్ లేదు! ఫోన్ చేసి మామకు చెబితే అవతల చప్పుడే లేదు. కాసేపటికి అత్తమ్మ గొంతు వినిపించింది: "ఏం చెప్పినవే? మీ మామ చెప్పుల్లేకుండనే బజ్జీల బండి కాడికి ఉరికిండు!"

ఆ తర్వాత ఏళ్ల తరబడి హాయిగా తిన్నాడు. పోయినేడు నిద్రలోనే వెళ్లిపోయాడు. లివరు కాదు, వయసు. ఇప్పుడు తిరుమలగిరి ల్యాబ్‌లో నేనే పెద్ద మేడమ్‌ని, నరం ఒక్కసారికే దొరుకుతుంది. అయినా మంచి రిపోర్టు చెప్పడానికి ఎవరికైనా ఫోన్ చేసినప్పుడు అవతల చప్పుడు ఆగిందంటే, చెప్పుల్లేని ఆ అడుగుల కోసం చెవులు రిక్కిస్తాను. (ఇంత వయసొచ్చి ఇదేం పిచ్చో!) నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. ఏడికి పోతలేనన్నవ్ గద, మామా.