గేటు స్తంభం తప్పేమీ లేదు

మా కారు ఎడమ అద్దం ఇంటి గేటు స్తంభానికి గీరుకున్న రోజు నేను తిట్టింది మేస్త్రీని. స్తంభం బాగా లోపలికి కట్టాడని నా నమ్మకం. దాన్ని పడగొట్టించి, జానెడు అవతలికి కట్టించాను. సిమెంటు ఆరకముందే కొత్త స్తంభానికీ అద్దం తగిలింది.

"స్తంభాన్ని ఇంకెంత దూరం జరుపుతారు? ముందు కళ్ళు చూపించుకోండి" అంది మా ఆవిడ.

మాది నకరికల్లు దగ్గర పల్లె. నాకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. నరసరావుపేటలో కళ్ళ డాక్టరమ్మ దగ్గర బోర్డు మీద అక్షరాలు అడుగు వరుస దాకా గడగడా చదివి, గర్వంగా మా ఆవిడ వైపు చూశాను. తర్వాత ఫీల్డ్ టెస్ట్ అని పక్క చూపు పరీక్ష చేశారు. మిషన్‌కి గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. చాలాసేపు ఏమీ కనిపించకపోతే మిషన్ చెడిపోయిందనుకున్నాను.

"గ్లకోమా అండీ. ఆప్టిక్ నర్వ్, అంటే కంటి నరం, బాగా దెబ్బతింది. ఎదురుగా కనపడుతుంది, పక్కలు పోయాయి. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకుందాం. కారు మాత్రం ఇక నడపొద్దు" అన్నారు డాక్టరమ్మ.

నేను వినలేదు. మర్నాడే కారు తీశాను. ఎడమ పక్కనుంచి సైకిలొకటి అడ్డం వచ్చింది. పక్క సీట్లో మా ఆవిడ కేక పెట్టబట్టి బ్రేక్ వేశాను. సైకిలాయన కాలు కింద ఆనించి, "ఏంది పెద్దాయనా, నేను కనపళ్ళా?" అన్నాడు. నిజంగానే కనపడలేదు. ఇంటికొచ్చి తాళం మా ఆవిడ చేతిలో పెట్టేశాను.

చుక్కల మందు మొదలుపెట్టారు. కంటి ప్రెషర్ దిగలేదని కొన్నాళ్ళకు రెండో మందు కలిపారు. కళ్ళు మండేవి. అంతకంటే ఎక్కువగా కడుపు మండేది. దానికి కారణం ముప్పాళ్ళలో ఉండే మా వియ్యంకుడు. నాకన్నా పెద్దవాడు. ఆదివారం వస్తే తన కారు తనే తోలుకుంటూ దిగేవాడు.

"ఎక్కండి బావగారూ, అట్లా ఎత్తిపోతల జలపాతం దాకా పోయొద్దాం" అనేవాడు.

"అన్నయ్యగారు తోలితే కడుపులో చల్ల కదలదు" అనేది మా ఆవిడ వెనక సీట్లోంచి. ఇన్నేళ్ళు నేను తోలితే ఆ మాట ఒక్కసారైనా అనలేదు.

"మీరూ ఆ ఫీల్డ్ టెస్ట్ చేయించుకోండి బావగారూ" అన్నాను ఒకరోజు. మేలు కోరి కాదు. ఆయన కూడా తాళం ఇచ్చేసి, నా పక్కన బస్సు కోసం నిలబడాలని.

"నాకేందండీ, కళ్ళు చానా బాగున్నయ్. అక్షరాలన్నీ చదువుతా."

"నేనూ చదివాను" అన్నాను.

ఆ మాటతో ఆయన డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను.

"మంచి టైంకి వచ్చారు. గ్లకోమా మొదట్లోనే దొరికింది. చుక్కలు మానకండి. ఫీల్డ్ బాగుంది కాబట్టి ఇప్పటికి డ్రైవింగ్ చేసుకోవచ్చు" అన్నారు డాక్టరమ్మ.

బయటికొచ్చి వియ్యంకుడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరు చెప్పబట్టి నా కళ్ళు దక్కినయ్ బావగారూ" అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన కళ్ళు తుడుచుకుని కారు స్టార్ట్ చేశాడు.

ఇప్పుడు నా ప్రెషర్ అదుపులో ఉంది. ఇద్దరం ఒకే రోజు చెకప్‌కి వెళ్తున్నాం. వయసు మీదపడ్డాక బండి తోలేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. అక్షరాలు చదివేసి ఇంటికి రాకండి. ఫీల్డ్ టెస్ట్ కూడా చేయాలా అని డాక్టర్ని అడగండి.

చెకప్ నుంచి వచ్చాక వియ్యంకుడు మా గేట్లోకి ఒక్క తిప్పుతో కారు తెస్తాడు. స్తంభానికి అద్దం తగిలిందేమోనని ప్రతిసారీ తల పూర్తిగా ఎడమకు తిప్పి మరీ చూస్తాను. ఇంతవరకూ తగల్లేదు.