క్రీస్తుదాసు గారి ఆమేన్

క్రీస్తుదాసు అయ్యగారు ప్రార్థనకు కళ్లు మూసుకున్నారంటే మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఆ దేవుడికే తెలియాలి. చిట్టమూరులో ఎనిమిదేళ్లు బడిపంతులుగా ఉండి, ఆయన ప్రార్థనల్లో మోకాళ్లు అరగదీసుకున్నవాణ్ణి, నా మాట నమ్మండి. ఎవరి గడప తొక్కినా ఆదాము దగ్గర మొదలుపెట్టి, ఆ ఇంటి కోళ్ల దాకా వచ్చేవారు. ఆయన బండి ఎద్దు సొలొమోను కూడా ‘ప్రార్థన చేసుకుందాం’ అని వినబడితే ఉన్నచోటే పడుకునేది, ‘ఆమేన్’ అంటే లేచేది.

ఒక్క మా ఇంట్లోనే అన్యాయం. విస్తట్లో కోడికూర పొగలు కక్కుతుంటే ‘ప్రభువా, వందనాలు, ఆమేన్’ అనేసేవారు. మనమేం పాపం చేశామని నా భార్య ఎలిశబెతు ముఖం ముడుచుకునేది.

తర్వాత నేను కావలి వచ్చి అక్కడి సంఘానికి కార్యదర్శినయ్యాను. అరవై ఒకటిలో ఆయన్నే మా పాస్టరుగా వేశారు. భార్య పోయిన ఒంటరి మనిషి. సామానంతా బండికెత్తి, తానే తోలుకుంటూ చిట్టమూరు నుంచి సోమవారం బయలుదేరుతున్నానని జాబు రాశారు. ఎంత లేదన్నా నాలుగు రోజుల దారి. ఆయన ఉండబోయే ఇంటికి సున్నం కొట్టించి ఎదురుచూశాను.

శుక్రవారం రాలేదు. రెండు ఆదివారాలు ప్రసంగపీఠం ఖాళీగా ఉంది. లారీ తోలే పెంచలయ్య కబురు మోసుకొచ్చాడు.

“మీ అయ్యగారు కోవూరు కాడ ఒక గుడిసెలో కళ్లు మూసుకోని ఉండారు. నేను నెల్లూరు పోయి సరుకు దించి తిరిగొచ్చినా. ఇంకా మూసుకోనే ఉండారు.”

నాకు తిక్క రేగింది. ఈయన మాకొద్దు, వేళకొచ్చే మనిషిని పంపండని పెద్దలకు రాసి పడేశాను. ఆ రాసిన చేతిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

ఇరవయ్యో రోజు బండి వచ్చింది. ముందురోజే ఉత్తరువు వచ్చి ఉంది: కావలికి వేరొకరు, ఈయన సంగం పక్కన ఒక చిన్న పల్లెకు. అయ్యగారు దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

“మంచిదే మేష్టరూ. సొలొమోనుకు నడక అలవాటైంది” అన్నారు.

మా ఇంట్లో ఎప్పటిలాగే రెండు ముక్కల ప్రార్థన చేసి, అన్నం తిని, బండి తిప్పుకున్నారు.

మూడో రోజు కోవూరు నుంచి మగ్దలీనమ్మ అనే కూలిమనిషి ఒక గొడుగు పట్టుకుని వచ్చింది.

“అయ్యగారు మా ఇంట్లో మరిచిపోయినారు.”

“అంతసేపు కళ్లు మూసుకుంటే మరిచిపోరా మరి?” అన్నాను.

“మూసుకోకపోతే మా పరువేం గాను అయ్యా? దారికి అడ్డం పడి పిలిచింది మేమే. రానంటే నొచ్చుకుంటామని వచ్చినారు. ఇంట్లో చూస్తే గింజ లేదు. ఆయన కళ్లు మూసుకున్నాక పక్కింట్లో బియ్యం బదులు తెచ్చి, పొయ్యి ఊది వండినా. గంజి వార్చిన చప్పుడు విన్నాకే ఆమేన్ అన్నారు. దారి పొడుగునా అందరిళ్లలోనూ అంతేనంట.”

“మన ఇంట్లో అన్నం ఎప్పుడూ ముందే ఉడికి ఉండేది కదండీ” అంది ఎలిశబెతు మెల్లగా.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎనిమిదేళ్లు ఆయన పక్కనే మోకరించి నేను చూసింది గడియారాన్నే.

మర్నాడు గొడుగు పట్టుకుని సైకిలెక్కాను. పల్లె చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అయ్యగారు సంతోషంగా మంచం వాల్చారు. వాల్చి, చప్పుడు చెయ్యకుండా కుండలోకి తొంగిచూశారు.

నేను చటుక్కున మోకరించి కళ్లు మూసుకున్నాను. ఆదాము దగ్గర మొదలుపెట్టాను. పెద్దలకు ఆ జాబు రాసింది నేనేనని ఒప్పుకుని, క్షమించమన్నాను. నోవహు అయ్యాడు, మోషే అయ్యాడు, పెంచలయ్య లారీ కూడా అయింది. చెప్పడానికి ఇంక ఎవరూ మిగల్లేదు, కాళ్లు తిమ్మిరెక్కిపోయాయి. అయినా కళ్లు తెరవలేదు.

చివరికి గంజి వార్చిన చప్పుడైంది. భుజం మీద చెయ్యి పడింది.

“క్షమించడం మీరు నోవహు దగ్గరున్నప్పుడే అయిపోయింది మేష్టరూ. ఇంక ముగించండి, అన్నం చల్లారిపోద్ది.”

“ఆమేన్” అన్నాను.

బయట సొలొమోను లేచి నిలబడింది.