కదలని వాల్వు

దెయ్యాల కథలు ఎవరు చెప్పినా నేను సగం తగ్గించుకునే వినేవాణ్ణి. మిగిలిన సగాన్నీ నమ్మేవాణ్ణి కాదు. ఖిదిర్‌పూర్‌లో మా నాన్నది స్టీలు గిన్నెల కొట్టు. ఎదుటివాడి మాటను బేరమాడకుండా తీసుకోవడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

నా పని ఫ్యాక్టరీల్లో కంట్రోలర్లను ట్యూన్ చేయడం. బాయిలర్‌లో నీటిమట్టం మారినప్పుడల్లా కంట్రోలర్ వాల్వును తెరుస్తూ మూస్తూ ఉంటుంది. అది మరీ కంగారుపడితే వాల్వు క్షణం ఆగకుండా కదిలి, లోపలి కడ్డీ, అదే స్పిండిల్, అరిగిపోతుంది. ఆ కంగారు తగ్గించడమే నా విద్య.

లిలువా దగ్గర ఒక అద్దకం ఫ్యాక్టరీలో మూడు నెలలకో స్పిండిల్ పోతోందని నన్ను పిలిచారు. బాయిలర్ ఆపరేటర్ సింహాచలం, టికియాపారా తెలుగు బస్తీ మనిషి. నన్ను చూడగానే ముఖం తిప్పుకున్నాడు. రోజంతా వాల్వు మీద అరచెయ్యి వేసి కూర్చునేవాడు. తోచినప్పుడల్లా కంట్రోలర్‌ను ఆపి చేత్తో వాల్వు చక్రం తిప్పేవాడు.

దొంగ దొరికాడనుకున్నాను. వాల్వు కదలికల గ్రాఫు చూపించి, అరుగుదలకు కారణం ఈయన చెయ్యేనని మేనేజర్‌తో చెప్పేశాను. సింహాచలాన్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. నెల చూసి పనిలోంచి తీసేస్తామన్నారు.

“గ్రాఫు సూసి నా కూడు తీసేత్తావేటి? ఓపాలి సెయ్యెట్టి సూడు” అన్నాడు సింహాచలం.

“చేతికేం తెలుస్తుంది బాబాయ్?” అని నవ్వాను.

“ఎవడికిరా బాబాయిని!”

కొత్త స్పిండిల్ నా కళ్ళముందే బిగించారు. ట్యూనింగ్ చేశాను. గ్రాఫులో గీత నిమ్మళంగా సాగింది. చక్రానికి గొలుసు చుట్టి తాళంచెవి నా జేబులో వేసుకున్నాను.

తొమ్మిదో రోజు పొద్దున వాల్వు కారింది. విప్పితే స్పిండిల్ ఒక పక్క లోతుగా అరిగి ఉంది. గ్రాఫంతా తిరగేశాను. ఆ తొమ్మిది రోజులూ వాల్వు దాదాపు కదల్లేదు. అదే పెట్టెలోని ఇంకో స్పిండిల్‌ను పరీక్ష చేయించాను, లోపం లేదు. నీళ్ళలో ఇసుకా లేదు.

దాన్నే బిగించి, సిగ్గు చంపుకుని గేటు దగ్గరకు వెళ్ళాను. సింహాచలం లేచి వచ్చి, ముందు నన్నే వాల్వు మీద చెయ్యి పెట్టమన్నాడు. పెట్టాను. ముంజేతి దాకా పాకే వణుకు. కదలిక కొలవడానికి పక్కనే బిగించిన గేజి ముల్లు మాత్రం సున్నా మీదే ఉంది. నీళ్ళ పంపు ఆపించాను. వణుకు ఆగలేదు.

అతను నా చేతి పక్కన తన చెయ్యి వేశాడు. ఆగిపోయింది. తీశాడు, మళ్ళీ మొదలైంది. నాలుగుసార్లు చూశాను.

“నానరగ్గొట్టలేదురా. ఇన్నాళ్ళూ ఆపేను.”

మేనేజర్ కారణం రాసివ్వమన్నాడు. నా అంచనా తప్పు, ఈయన్ను ఇక్కడే ఉంచండి అని రాసి, కారణం అన్నచోట ఖాళీ వదిలి సంతకం పెట్టాను. సింహాచలం తిరిగి తన స్టూలు మీద కూర్చున్నాడు. నేను తెప్పించిన టీ ముట్టలేదు.

ఇప్పుడు మళ్ళీ మూడు నెలలకో స్పిండిల్ పోతోంది, తొమ్మిది రోజులకన్నా నయమని ఎవరూ ఏమీ అనడం లేదు. నాకు తెలిసిన కారణాలన్నీ ఒక్కొక్కటే కొట్టేశాను. ఆ వణుకేమిటో ఇప్పటికీ తెలియదు.

వచ్చే ఏడాది సింహాచలం రిటైరవుతున్నాడు. మేనేజర్ అప్పుడే నాకు ఫోన్లు మొదలుపెట్టాడు. నేను ఎత్తడం లేదు.