పెద్దమ్మ గొంతు పట్టేసిన రోజు

మా పెద్దమ్మ పోయింది. నోవైలో మా ఇంటి ముందు మంచు ఎత్తిపోసి లోపలికొచ్చి, తడిసిన గ్లోవ్స్ ఆరబెడుతుంటే ఫోన్ మోగింది. మొన్నమొన్నటి దాకా ఆ వేళకి పెద్దమ్మే ఫోన్ చేసేది, మా ఊళ్ళో ఎంత మంచు పడిందో న్యూయార్కులో టీవీ చూసి నాకు చెప్పడానికి. ఈసారి చేసింది ఆవిడ కాదు. ఆవిడని ఎన్నో ఏళ్ళుగా ఆంటీ అని పిలిచే ఒక అమెరికన్ ఆదివాసీ స్త్రీ. "ఆంటీ ఈ పొద్దున వెళ్ళిపోయింది" అని మాత్రం అనగలిగింది.

పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. చెల్లెళ్ళ పిల్లలం బోలెడుమందిమి, అల్ఫారెట్టా నుంచి క్యారీ దాకా చెట్టుకొకరు పుట్టకొకరుగా ఉన్నాం. ఆఖరి వేళ పక్కన కూర్చున్నది మాత్రం ఉత్తరాన ఒక నది ఒడ్డు నుంచి కారు డ్రైవ్ చేసుకుంటూ వచ్చిన ఆ మనిషి. అందుకు మేమేం చిన్నబుచ్చుకోలేదు. వాళ్ళ చుట్టరికం మా చుట్టరికం కంటే తక్కువదేం కాదు. అదెలా కలిసిందో చెప్పాలంటే ముందు పెద్దమ్మ గొంతు గురించి చెప్పాలి.

ఆవిడ యానాంలో ఫ్రెంచి బడిలో చదివింది. ఆ ఫ్రెంచే ఆవిడని పాండిచ్చేరికీ, పారిస్‌కీ, చివరికి న్యూయార్కులో దేశదేశాల ప్రతినిధులు కూర్చుని మాట్లాడుకునే పెద్ద భవనానికీ తీసుకొచ్చింది. అక్కడ సమావేశపు హాలు గోడకి గాజు గదులుంటాయి. పెద్దమ్మ వాటిలో ఒకదాంట్లో కూర్చునేది. చెవిలో ఫ్రెంచి వినబడుతుంటే, అదే క్షణంలో మైకులో ఇంగ్లీషు చెప్పాలి. కింద కూర్చున్న ఇంగ్లీషు వాళ్ళందరి చెవుల్లోనూ ఆవిడ గొంతే.

నేను డెబ్భై ఎనిమిదిలో చదువుకి వచ్చి, క్వీన్స్‌లో ఆవిడ అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాను. మే నెలలో కూడా మెడకి ఊలు మఫ్లరు చుట్టుకునేది. ఐసు వేసిన నీళ్ళు ముట్టేది కాదు, నన్ను ముట్టనిచ్చేది కాదు. ఫ్లాస్కులో కాఫీ పోసుకెళ్ళే ఊళ్ళో మిరియాల చారు పోసుకెళ్ళేది. గొంతు నాదే గానీ మాట వాళ్ళది, రెంటికీ మచ్చ రాకూడదనేది. మాట్లాడేవాడు "నేను" అంటే తనూ "నేను" అనాలి. కలపకూడదు, తియ్యకూడదు. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ, "పొద్దున్న ఒక దేశం తరఫున దబాయించానే. మధ్యాహ్నం ఇంకో దేశం తరఫున నొచ్చుకున్నాను. ఇవాళ కూర నువ్వే చేసి పడెయ్యి" అనేది.

ఆదివారం తెలుగు చర్చిలోనూ అదే వరస. వెనక బెంచీలో ఇక్కడే పుట్టిన పిల్లల పక్కన కూర్చుని పాస్టరుగారి ప్రసంగం ఇంగ్లీషులో గుసగుసగా చెప్పేది. ఆయన తడబడితే ఈవిడా తడబడేది. చెప్పిందే చెబితే ఈవిడా చెప్పిందే చెప్పేది. కాస్త తగ్గించి చెప్పొచ్చు కదా ఆంటీ అని ఆ పిల్లలు బతిమాలినా కనికరించలేదు.

వసంతంలో ఇక్కడి నదుల్లోకి సముద్రం నుంచి షాడ్ అనే చేప ఎదురీదుకుంటూ వస్తుంది. వాసనా ముళ్ళూ మన పులసకి దగ్గర. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు, నాకు అమ్మడానికి పుస్తెలు కూడా లేవు కాబట్టి ఇదే గతి అని నవ్వుతూ కొనేది. బెండకాయలు వేసి పులుసు పెట్టి, మర్నాటి దాకా ఎవరినీ మూత తియ్యనిచ్చేది కాదు. వడ్డించేటప్పుడు నేల మీద అందర్నీ ఒక్క వరసలో కూర్చోబెట్టేది. రాయబారి అయినా, లిఫ్ట్ బాగుచెయ్యడానికి వచ్చినవాడైనా అదే వరస. చేప కడుపులోని గుడ్ల జన ఎంత చిన్నదైనా అన్ని కంచాల్లోకీ సమంగా తుంచేది. పంక్తిలో వలపక్షం చూపిస్తే తిన్నది ఒంటబట్టదని ఆవిడ నమ్మకం.

ఎనభైల మొదట్లో ఒక మే నెలలో ఆ భవనంలో ఆదివాసుల నదుల గురించీ, భూముల గురించీ సమావేశాలు జరిగాయి. మొదటి రోజు గేటు దగ్గర ఒక ముసలావిడా మనవరాలూ పాసు కోసం నిలబడ్డారు. కాపలా అతను ఏ దేశం మీది అని అడిగాడు. "ఈ దేశమే. మీరు రాకముందు నుంచీ" అంది ముసలావిడ. వెనక నిలబడ్డ పెద్దమ్మ అది విని, వాళ్ళని మర్నాడు భోజనానికి పిలిచేసింది.

ముసలావిడ మా వరసలో కూర్చుని, షాడ్ ముళ్ళు నాలుకతోనే వేరు చేస్తూ గోదావరి మనిషిలా తింది. తన కంచంలోని జన చూసి చాలాసేపు ముట్టుకోలేదు. తమ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టాక ఈ చేప తమ ఊరి దాకా రావడం లేదని, మనవరాలు దాన్ని తమ నీళ్ళలో ఒక్కసారీ చూడలేదని చెప్పింది. ఆ సంగతి ప్రపంచానికి చెప్పడానికే బస్సులో వచ్చింది. కానీ సమావేశంలో కుర్చీలూ, పేరు పలకలూ ప్రభుత్వాలకే. ఆదివాసులు పైన గాజు వెనక సందర్శకుల గ్యాలరీలో కూర్చోవాలి. ఆఖరి రోజు అందరూ అయ్యాక, టైమ్ మిగిలితే ఒకరిద్దరికి మైకు ఇస్తారట.

పెద్దమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పెళ్ళి వీళ్ళది, పంక్తిలో చోటు మాత్రం లేదా?" అని తెలుగులో నాతో అని, వాళ్ళకి మళ్ళీ పులుసు వడ్డించింది.

ఆఖరి రోజు నాకూ పాసు ఇప్పించింది. గ్యాలరీలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. కింద ఒక మూల మైకు కోసం ఎదురుచూస్తూ ముసలావిడ, పక్కన మనవరాలు. ప్రభుత్వాల వాళ్ళు ఒకరి తరవాత ఒకరు ఆ నదుల గురించి చాలా గౌరవంగా, చాలా పొడుగ్గా మాట్లాడారు. ఆరు కావస్తోంది. ఆరు కొడితే అనువాదకులు లేచిపోతారు, వాళ్ళు లేస్తే సమావేశం ముగిసినట్టే. అధ్యక్షుడు ఫ్రెంచి మాట్లాడే పెద్దమనిషి, మంచివాడే, గడియారానికి మహా విధేయుడు. ఆయన ముగింపు మాటలు నా చెవిలో పెద్దమ్మ గొంతుతో వినిపిస్తున్నాయి. సమయం మించిపోయింది గనక, ఆ పెద్దావిడ చెప్పదలుచుకున్నది కాగితం మీద తీసుకుని రికార్డులో చేర్చి, ఎవరికీ అభ్యంతరం లేకపోతే...

అంతే, గొంతు ఆగిపోయింది.

నా ఇయర్‌ఫోన్ పాడైందనుకుని తట్టాను. కింద చాలామంది తడుతున్నారు. గోడ వైపు చూశాను. గాజు గదిలో పెద్దమ్మ నిటారుగా కూర్చునుంది. అనువాదకులకి దగ్గొస్తే మైకు మూసెయ్యడానికి బల్ల మీద ఒక మీట ఉంటుంది, నొక్కినంతసేపూ గొంతు బయటికి పోదు. పెద్దమ్మ బొటనవేలు దాని మీదుంది. దగ్గు మాత్రం లేదు. ఆవిడకి బదులు మాట్లాడాల్సిన జోడీ, ఐర్లండు ఆయన, సరిగ్గా అప్పుడే పెన్ను కింద పడేసుకుని బల్ల కింద తెగ వెతుక్కుంటున్నాడు.

పెద్దమ్మ వీసా ఆ ఉద్యోగానికి ముడిపడి ఉంది. అది పోతే దేశం వదలాలి.

ఇంగ్లీషు రావడం లేదని ఎవరో చెయ్యెత్తారు. అధ్యక్షుడు మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. మళ్ళీ రాలేదు. ఏం చెబుతున్నారో తెలియనిదే అభ్యంతరం ఉందో లేదో ఎలా చెబుతాం అన్నాడొకాయన. అప్పుడు ఒక చిన్న ద్వీపదేశం ప్రతినిధి లేచి, పాడైంది ఇంగ్లీషు గొట్టమే కదా, ఆ అమ్మమ్మగారు ఎలాగూ ఇంగ్లీషులోనే మాట్లాడతారు, బాగయ్యేదాకా ఆవిడ మాట విందాం అన్నాడు. అధ్యక్షుడు గడియారం చూసి, ముసలావిడని చూసి, తలూపాడు.

పెద్దమ్మ మీట మీంచి వేలు తీసింది.

ముసలావిడ ముందు తన భాషలో మొదలుపెట్టింది. వాళ్ళకి అది ఆనవాయితీ, ఏ మాటకైనా ముందు నీళ్ళకి, చేపలకి, గాలికి, ఒక్కొక్కదానికీ కృతజ్ఞత చెప్పాలి. మనవరాలు దాన్ని ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది. తరవాత నది సంగతి. ఆరు దాటింది. ఒక్క గాజు గదిలోనూ దీపం ఆరలేదు. అంతసేపూ ఇంగ్లీషు గదికి పని లేదు, మైకు మొత్తంగా ఆపేశారు. అయినా పెద్దమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి.

రైల్లో అడిగాను, ఎవరికి చెప్పావు అని.

"మా యానాం వాళ్ళకి. వాళ్ళకి తెలియొద్దూ?" అంది. తెలుగులో చెప్పుకుందన్నమాట. మరి ఆ మీట సంగతేంటి అంటే మఫ్లరు సర్దుకుని, "గొంతు పట్టేసిందే" అంది. ఆవిడ దగ్గర ఉన్నన్నాళ్ళలో ఆ గొంతు పట్టడం నేనెప్పుడూ చూడలేదు. పై అధికారికీ అదే చెప్పింది. డాక్టరుకి చూపిస్తే గొంతు భేషుగ్గా ఉందన్నాడు. ఉద్యోగం నిలిచింది గానీ ఏడాది పాటు పెద్ద హాలు లేదు. సరుకుల పెట్టెల కొలతల మీద జరిగే సమావేశాలకి వేశారు. అక్కడా ఒక్క మాట వదలకుండా చెప్పి వచ్చేది. తప్పు చేశాననీ అనలేదు, ఒప్పు చేశాననీ అనలేదు. నాకైతే ఆవిడని చూస్తే గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

మరుసటి ఏడు వసంతంలో అదే సమావేశం. ముసలావిడకి ఈసారి బల్ల దగ్గరే కుర్చీ, మొదటి రోజే మాట. పెద్దమ్మ సెలవు పెట్టి నాతో గ్యాలరీలో కూర్చుంది. అధ్యక్షుడి ఫ్రెంచికి వస్తున్న ఇంగ్లీషు విని, ఎవడో కామాలు మింగేస్తున్నాడని విసుక్కుంటూనే కళ్ళు తుడుచుకుంది. ఆనకట్ట మాత్రం చాలా ఏళ్ళు కదల్లేదు. ముసలావిడ అది చూడకుండానే పోయింది. ఆ తరవాత ప్రతి వసంతం మనవరాలే ఆంటీ అంటూ వచ్చి మా వరసలో కూర్చునేది.

అంత్యక్రియలయ్యాక ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి నెమ్మదిగా చెప్పగలిగింది. చివరి రెండు రోజులూ పెద్దమ్మ మాట్లాడలేదట, కళ్ళు తెరవలేదట. బొటనవేలు మంచం పట్టీ మీద గట్టిగా నొక్కిపెట్టి ఉంచిందట. నర్సు తీయబోయినా తియ్యలేదు. నొప్పేమోనని అందరూ అనుకున్నారు.

"ఏం చెయ్యాలో తోచక మా అమ్మమ్మ చెప్పే కృతజ్ఞతలు మొదలుపెట్టాను. నీళ్ళకి, చేపలకి" అంది. "మొదలుపెట్టగానే ఆంటీ వేలు తీసేసింది. పెదవులు కదిలాయి. నేను ఆపేదాకా కదులుతూనే ఉన్నాయి."