అల్లుడు అలిగిన బారికేడు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాలు క్షుణ్ణంగా తెలుసునని నమ్మేవాణ్ణి: దారిని ఎలా మూయాలో, మనిషిని ఎలా ఆపాలో. ఇవాళ అంతర్జాతీయ మ్యాచ్‌ల కంట్రోల్ రూముల్లో కూర్చుని, ముఖం చూసి తెరుచుకునే గేట్లను నడిపిస్తున్నాను. కొత్త ఇంజనీర్లు "ఈ పని ఎక్కడ నేర్చుకున్నారు సార్?" అని అడిగితే ఏదో విదేశీ శిక్షణ పేరు చెప్పి తప్పించుకుంటాను. నిజానికి నేర్చుకున్నది కైవార క్రాసులో, ఎండలో, పళ్ళు నూరుతూ. ఆ కోపం నాకింకా పూర్తిగా తగ్గలేదు కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక అంతర్జాతీయ సైకిల్ పందెంలో ఒక రోజు పరుగు చిక్కబళ్ళాపురంలో మొదలై, శిడ్లఘట్ట, కైవార క్రాసు, చింతామణి మీదుగా బాగేపల్లి చేరాలని నిర్ణయమైంది. బెంగళూరు సెక్యూరిటీ సంస్థ ఒకదానిలో ప్రొబేషన్‌లో ఉన్న నేనే ఈ మార్గాన్ని సూచించాను. (మా రోడ్డు మీద ప్రపంచం పోతుంటే చూడాలని నా ఆశ, ప్రణాళికలో మాత్రం 'వాహనాల రద్దీ తక్కువ' అని కారణం రాశాను.) అంత వేగంతో వచ్చే సైకిళ్ళ గుంపుకు ఒక్క ఆవు అడ్డం వచ్చినా ప్రాణాలు పోతాయి. అందుకని రోడ్డులో కలిసే ప్రతి అడ్డదారికీ ఒక బారికేడు, ఒక కాపలాదారు. ఏ ఊరి దారికి ఆ ఊరి యువకుణ్ణే నియమించాను, తన ఊరివాళ్ళు తనకు బాగా తెలుసు కాబట్టి. ఈ ఆలోచనకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మొదటి రిహార్సల్ చూడటానికి పందెం తరఫున ఒక విదేశీ పర్యవేక్షకురాలు వచ్చింది. మేం ఆమెను తెల్లటోపీ మేడమ్ అనుకునేవాళ్ళం. ఆమె పక్కన మా పైఅధికారి, వాకీటాకీ సారు. (ఎదుట నిలబడిన మనిషితో కూడా ఆయన వాకీటాకీలోనే మాట్లాడేవాడు.) కైవార క్రాసు చేరేసరికి మూసి ఉండవలసిన రోడ్డు మీద మల్బరీ ఆకు మోపుతో ఒక పెద్దాయన, ఆయన వెనుక రెండు సీమావులు నింపాదిగా నడుస్తున్నాయి. కాపలా కుర్రవాడు బారికేడును స్వయంగా పక్కకు లాగి పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరప్పా ఆయన? పాస్ ఏది?" అన్నాను.

"మా పెద్దనాయన సార్. పెద్దనాయనను పాస్ అడిగేదెట్ల? నాకు పేరు పెట్టిందే ఆయన."

పెద్దనాయన ఆగి నన్ను పరిశీలించాడు. "నువ్వు ఎవురి పిల్లోడివి నాయనా? ఎండకు మాడిపోయినావే. ఇంటికి రా, మజ్జిగ తాగిపో."

ఇంకో బారికేడు దగ్గర సాక్షాత్తూ మా మేనత్తే తలపై గంపతో దాటుతోంది. నేను చేయి అడ్డం పెట్టాను. "నాకే అడ్డమా! నిన్ను సంకనేసుకుని తిరిగిందాన్నిరా!" అని నా చేతి కిందనుంచే వంగి వెళ్ళిపోయింది. మేడమ్ అంతా చూసింది. రెండో రిహార్సల్లో ఒక్కరు దాటినా పరుగును వేరే జిల్లాకు మార్చేస్తామని వాకీటాకీ సారుతో చెప్పించింది. సారు తన వంతుగా, "రోడ్డుతోపాటు నువ్వూ," అని చేర్చాడు.

ఆ సాయంత్రం కైవార పక్కనున్న మేనత్త ఇంట్లో సంగటి ముందు కూర్చుని ఊరంతటినీ తిట్టాను. క్రమశిక్షణ లేదన్నాను, ఆపేవాడికి సిగ్గు లేదన్నాను. అత్త గరిటె ఎత్తింది.

"సొంతూరోడు సొంతూరోళ్ళను యాడన్నా ఆపుతాడా? బుద్ధుండాదా నీకు? మండికల్ నుంచి మా అల్లుడొస్తే మీ మామ బీడీ పారేసి లేసి నిలబడతాడు. నేను తలుపు చాటుకు పోతాను. అట్లాంటోడు నిలిచిండుంటే ఆ పక్కకన్నా వచ్చిందుమా మేము?"

"ఇది భద్రత అత్తా, సంబంధాలు కలుపుకోవడం కాదు!" అని అరిచి, ముద్ద నోటి దగ్గరే ఆపేశాను.

రెండో రిహార్సల్‌కు ప్రతి బారికేడు దగ్గరా ఆ ఊరి అల్లుడే నిలబడ్డాడు. "వీళ్ళ అర్హత ఏమిటి? ఓవర్!" అన్నాడు సారు. "అల్లుళ్ళు సార్," అన్నాను. రోడ్డు మీద ఈగ కూడా దాటలేదు. మామలు తలగుడ్డ తీసి దూరంగా నిలబడ్డారు, అత్తలు కనిపించనే లేదు. మేడమ్ టోపీ తీసి నాకు సలాం చేసింది.

పందెం రోజున, పైలట్ కారు శిడ్లఘట్ట దాటిందన్న కబురు వచ్చాక, కైవార క్రాసులో మనిషి లేడని ఫోన్ వచ్చింది. బైకు మీద పరుగెత్తాను. మేనత్త అల్లుడు కానుగ చెట్టు కింద రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు. అవతల పెద్దనాయన ఆకు మోపు ఎత్తుకుంటున్నాడు.

"అన్నా, లేయన్నా! సైకిళ్ళు వస్తాండాయి!"

"రానీ. ఆ ఇంటి అల్లుణ్ణి నిలబెట్టుకోపో."

"ఆ అల్లుడివి నువ్వే కదన్నా!"

"నేనా? పొద్దున ఓళిగ మీద నెయ్యి ముందు ఎవురికి పోసింది మా అత్త? నీకు, పెద్ద ఇంజనీరుకు! నేను పక్కాకులో కూర్చుండానా లేదా?"

వాహనాలు, డ్రోన్లు, తొక్కిసలాట: ప్రమాదాలన్నిటినీ అంచనా వేసి ప్రణాళికలో పెట్టిన నేను బొబ్బట్ల మీద నెయ్యి వడ్డించే వరుసను పెట్టలేదు. అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు గనుక అప్పటికే పరుగెత్తుకొచ్చిన అత్త క్రాసు పక్క గోడ చాటునుంచి నాతో అన్నది: "ఒరే, మా అల్లునికి చెప్పరా, ఆ నెయ్యి చేయి జారి పడిందని." అల్లుడు చెట్టు కిందనుంచి, "మీ అత్తకు చెప్పు, నాకు కండ్లుండాయని." నా భుజం మీది వాకీటాకీ, "కైవార క్రాస్, పరిస్థితి చెప్పు! ఓవర్!" ఈ మూడు దిక్కుల మధ్య నేనొక్కణ్ణే తీగలా వేలాడాను.

"ఏం చేస్తే లేస్తావు?" అని గర్జించాను.

"నీ చేత్తో నువ్వు వడ్డించల్ల. బారికేడు కాడే. ఊరంతా చూడల్ల."

ఇంటినుంచి అత్త తెప్పించిన ఓళిగలను మెరిసే పసుపు జాకెట్టుతో వడ్డించాను. నెయ్యి ఆయన చాలనేదాకా పోశాను. అల్లుడు బారికేడు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఎండ తగులుతోందంటే గొడుగు కూడా పట్టాను. అవతల పెద్దనాయన మోపు దించి, తలగుడ్డ తీసి, గట్టు మీద వినయంగా కూర్చున్నాడు. మరుక్షణంలో ప్రపంచం మా ముందునుంచి రంగురంగుల గాలిలా దూసుకుపోయింది. నేను మాత్రం దాన్ని చూడలేదు, గొడుగు వంపు సరిచేస్తున్నాను.

వెనుక కారులోంచి మేడమ్ తల బయటపెట్టి, "ఆ కూర్చున్న అధికారి ఎవరు?" అని అడిగిందట. తరువాతి సమావేశంలో వాకీటాకీ సారు ఈ పద్ధతికి ఒక గంభీరమైన పేరు తగిలించి, తన ఆవిష్కరణగా వివరించి చప్పట్లు కొట్టించుకున్నాడు. నా ఉద్యోగం నిలిచింది. కోపమూ నిలిచింది.

ఇప్పుడు మా గేట్లు వేలమందిని గుర్తుపట్టి లోపలికి వదులుతాయి. వాటిలో ఒకటి మొరాయించినప్పుడు నేనింకా అరుస్తాను. అరిచి అరిచి కూర్చున్నాక, పసుపు జాకెట్టులో దవడలు బిగించి నిలబడిన ఆ కుర్రవాడు కళ్ళ ముందుకు వస్తాడు. వాణ్ణి ఓదార్చాలనిపించదు. గొడుగు కాస్త ఎడమకు వంచరా అబ్బీ, అల్లునికి ఎండ తగులుతాండాది, అని చెప్పాలనిపిస్తుంది.