క్యాసెట్టులో వచ్చిన చేప

అరకులోయకు ఇంటర్నెట్‌ను మొట్టమొదట మోసుకొచ్చినవాణ్ణి నేనే. కిరండూల్ ప్యాసింజర్లో, చొక్కా జేబులో పెట్టుకుని, సొరంగం వచ్చినప్పుడల్లా జేబు మీద చెయ్యి వేసుకుని మరీ తెచ్చాను. ఇప్పుడు సంతలో అల్లం అమ్ముకునే అమ్మ ఫోనులోనూ అది ఉందనుకోండి, కానీ ఆ రోజుల్లో కొండ మీద ఫోను మోగడమే ఒక విశేషం. (సరే, ఒప్పుకుంటాను. నేను తెచ్చింది మొత్తం ఇంటర్నెట్ కాదు, ఒకే ఒక్క ఆట. అదీ పాటల క్యాసెట్టులో.)

కథేమిటంటే, నేను సైన్సు మాస్టారుగా చేరిన మిషన్ బడికి ఎవరో దాత ఒక పాతకాలపు కంప్యూటర్ ఇచ్చాడు. లావుపాటి కీబోర్డు, అంతే; దాన్ని టీవీకి తగిలించుకోవాలి. ప్రోగ్రాములన్నీ క్యాసెట్ల మీదే. టేప్‌రికార్డరు కీచుమని కూస్తుంటే ఆ కూత విని అది పని నేర్చుకుంటుంది. దానితో వచ్చిన క్యాసెట్లేమో బూజు పట్టిపోయాయి. బడి పెద్ద సిస్టరమ్మ ఖండితంగా చెప్పేసింది: "మాస్టారూ, శుక్రవారం సంతలోగా ఇది పిల్లలకి ఎక్కాలైనా నేర్పాలి. లేదంటే పాతసామాన్లాయన పట్టుకుపోతాడు." హాస్టలు పిల్లలంతా నా మొహంలోకి చూశారు. "రేపు బొమ్మలు కదుల్తాయి" అని వాళ్లకు రోజూ చెబుతూ వచ్చింది నేనే మరి.

విశాఖపట్నం దిగి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నాను. ఇలాంటి పాత కంప్యూటర్ల పిచ్చివాళ్లు ఎక్కడో విదేశాల్లో పాత ఆటలన్నీ పోగుచేసి పెట్టారు. అందులో ఒక ఎక్కాల చేప దొరికింది. సరైన జవాబు కొడితే అంకెను మింగుతుందట. దించుకుని తెరిస్తే తెర నిండా పిచ్చి అక్షరాలు. "వైరస్ సార్, ముట్టుకోకండి" అన్నాడు సెంటర్ ఓనరు. నిదానంగా చదివితే తెలిసింది, దారిలో పాడవకుండా దాన్ని అలా అక్షరాలుగా మార్చి పెట్టారని, విప్పడానికి వేరే ప్రోగ్రాం కావాలని. అదీ దించి విప్పితే లోపల ఉన్నది ఆ క్యాసెట్టు కూతే; దాన్ని సెంటర్ కంప్యూటర్లో మోగించాను. ఆ కూతకు ఓనరు పరుగున వచ్చి మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేశాడు. అతణ్ణి బతిమాలి, పక్కనున్న పాటల షాపులో టేప్‌రికార్డరు అడిగి తెచ్చి, ఆ కూతనంతా క్యాసెట్టులోకి ఎక్కించాను.

కొండెక్కి వచ్చి దాన్ని మా చర్చి టేప్‌రికార్డరులో పెట్టాను. తెర మీద రంగుల చారలు వచ్చాయి, పోయాయి. మళ్లీ పెట్టాను. మళ్లీ చారలే. శుక్రవారం వచ్చింది గాని చేప రాలేదు. పాతసామాన్లాయన గోనెసంచీతో గుమ్మంలో చతికిలబడ్డాడు. అప్పుడే, చర్చిలో పాటలు నేర్పే టీచరమ్మ ఆ టేప్‌రికార్డరు కోసం వచ్చింది. (ఆవిడే తర్వాత మా ఇంటావిడ అయింది. ఇందులో మాత్రం కోత లేదు.)

"ఏటి మాస్టారూ, దీంతోటి ఏటి సేత్తన్నారు?"

"కంప్యూటర్‌కి వినిపిస్తున్నానండీ. అందుకోవడం లేదు."

"ఎలాగ అందుకుంటాది? మా ముసలమ్మలకి పాట అందట్లేదని నేను లోపల స్క్రూ తిప్పీసి నెమ్మది సేసీసినాను గదా! దీంట్లో ఏది పెట్టినా సాగదీసే పలుకుతాది."

(ఆ తేడా నా చెవే పసిగట్టిందని తర్వాత చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.)

ఆవిడ స్క్రూ వెనక్కి తిప్పింది. కూత సన్నబడింది. చారలు ఆగి, తెర నల్లబడింది. అయిపోయిందనుకుని నేను కళ్లు మూసుకున్నాను. పిల్లల కేక వినపడి తెరిస్తే, ఆకుపచ్చ చేప ఒకటి తోక ఊపుకుంటూ వస్తోంది! సిస్టరమ్మ "జరగండి, ముందు నేను చూడాలి" అంటూ కుర్చీలో కూర్చుని ఇక లేస్తే ఒట్టు. ఏడెనిమిదుల దగ్గర ఆవిడ తటపటాయిస్తుంటే, పాతసామాన్లాయన గోనెసంచీ వదిలేసి లోపలికొచ్చి, "యాభై ఆరు, సిస్టరమ్మా! బేగి కొట్టండి, సేప ఎలిపోతాది!" అని అరిచాడు. కంప్యూటర్ బడిలోనే ఉండిపోయింది.

ఆ పిల్లల్లో ఇప్పుడు కాఫీ వ్యాపారం చేసేవాళ్లున్నారు, బడిలో లెక్కలు చెప్పేవాళ్లున్నారు. వాళ్లకొచ్చిన ఎక్కాలన్నీ ఆ చేప చలవేనని తలచుకున్నప్పుడల్లా, ఒక కూత కోసం కొండ దిగి ఎక్కిన ఆ కుర్ర మాస్టారంటే నాకు భలే ముద్దొస్తుంది. ఈ ముక్క పైకి చదువుతుంటే, రాజ్మా కాయలు వొలుస్తున్న మా ఆవిడ తలెత్తింది.

"సేప నేర్పిందేటి? తప్పు కొడితే అది ఢామ్మని పేలిపోయీది. ఆ సరదాకి బడి గుంటలందరూ కావాలనే తప్పులు కొట్టీవోరు. ఎక్కాలు నేర్పింది నేను, పాట కట్టి. అది రాయండి."